విశాఖ తీరంలో సముద్రం అడుగు బాగుందో లేదో చూడటం ఎలా

సముద్రం ఎలా ఉందో చూడాలనగానే చాలామంది సీసా పట్టుకెళ్లి నీళ్లు తెచ్చేస్తారు. నీళ్లు ఈ పూట ఉన్నట్టు మరో పూట ఉండవండీ. పోటు మీద తేటగా కనిపిస్తాయి, ఆటుకి మురికి తేలుతుంది, రాత్రి ఎవరైనా వదిలిన వ్యర్థం తెల్లారేసరికి కొట్టుకుపోతుంది. అడుగున బురదలో ఉన్న పురుగూ గుల్లా అలా పారిపోలేవు. కొన్ని నెలలుగా అక్కడ జరిగిందంతా వాటి నెత్తి మీదే జరిగింది. ఈ అడుగు జీవాలనే బెంథోస్ అంటారు. పైన పటారం, లోన లొటారం అన్నమాట ఎక్కడైనా నిజమైతే అది హార్బర్ల దగ్గరే, కాబట్టి బురద ఎత్తి చూడాల్సిందే.

పడవ మాట్లాడుకునే ముందు ప్రశ్న ఏంటో తేల్చుకోండి. "విశాఖ సముద్రం బాగుందా" అనేది ప్రశ్న కాదు. "ఈ కాలవ కలిసే చోట అడుగు జీవాలు మారాయా, మారితే ఎంత దూరం దాకా" అనేది ప్రశ్న. విశాఖలో ఇన్నర్ హార్బర్ 1933 నాటిది, చుట్టూ నేల, బయటికి ఒక్క సన్నటి దారి, పైగా మేఘాద్రి గెడ్డ నీళ్లు వచ్చి పడేదీ అందులోనే. అందుకే అక్కడ చేరిన మురికి ఓ పట్టాన కదలదు. ఔటర్ హార్బర్ 1976లో వచ్చింది, అది సముద్రానికి తెరుచుకుని ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

మురికి కలిసే చోటు నుంచి మొదలుపెట్టి 100 మీటర్లు, 200, 500, ఒక కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, ఇలా దూరం పెంచుకుంటూ స్టేషన్లు, అంటే మట్టి తీసే చోట్లు, పెట్టుకోండి. వీటితో పోల్చడానికి పెద్దగా ఎవరూ కెలకని చోట్లు కనీసం రెండు కావాలి, ఒక్కటి చాలదు. అక్కడ లోతూ, అడుగు రకమూ మీ స్టేషన్లలాగే ఉండాలి. ఇసుకలో బతికేవి వేరు, ఒండ్రులో బతికేవి వేరు, ఇసుకనీ బురదనీ పోల్చి "కాలుష్యం వల్ల తేడా వచ్చింది" అని రాసేసిన రిపోర్టులు నేనే చూశాను. భీమిలి వైపు వెళ్తే గోస్తనీ మొగ దగ్గర మాత్రం వద్దు. ఏటి నీళ్లు కలిసే చోట ఉప్పదనం మారుతూ ఉంటుంది, దాన్ని తట్టుకునే జీవాలు మురికిని తట్టుకునే జీవాల్లాగే లెక్కలోకి వచ్చి మనల్ని బోల్తా కొట్టిస్తాయి.

ఆర్కే బీచ్ దగ్గర చూసేవాళ్లకి ఇంకో తిరకాసుంది. మన తీరం వెంట ఇసుక మొత్తమ్మీద ఉత్తరానికి కదులుతుంది, హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి, అందుకని డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకని బీచ్ వైపు పోస్తుంటారు. ఈ మధ్యే పోసిన చోట జీవాలు తక్కువుంటే అది మురికి వల్లా, నెత్తిన ఇసుక పడటం వల్లా? ఎప్పుడు పోశారో కనుక్కోకుండా ఏమీ రాయకండి.

కాలం సంగతి కూడా ముఖ్యమే. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది, అంటే మురికి వెళ్లే దిక్కు కూడా మారుతుంది. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మట్టి తీయండి, డబ్బులుంటే వానల్లో కూడా. పోర్టు హద్దులోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు. బయట అయితే తెలిసిన సరంగుని, అంటే పడవ నడిపేవాణ్ని, పట్టుకోండి. ఎన్ని బారల లోతులో ఇసుక, ఎక్కడ బురద, ఎక్కడ వల చిరిగే రాయి ఉందో చార్టు కంటే ఆయనే బాగా చెబుతాడు.

అడుగు మట్టిని తీసేది వాన్ వీన్ గ్రాబ్, రెండు దవడలున్న ఇనుప బకెట్ లాంటిది. 0.1 చదరపు మీటరుది దొరికితే మంచిది, లెక్కపెట్టినదాన్ని పదితో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్నో వస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది గానీ సముద్రం అడుగు చెప్పదు, జీవాలు గుంపులు గుంపులుగా ఉంటాయి, కాబట్టి ఒక్కో స్టేషన్‌లో కనీసం మూడు, వీలైతే ఐదు గ్రాబులు వేయండి. దవడల మధ్య గుల్ల ఇరుక్కుని మట్టి కారిపోతే మొహమాటపడకుండా పారబోసి మళ్లీ వేయండి. మట్టిలో సేంద్రియ పదార్థం చూసే పరీక్షకి వేరే గ్రాబు వేయాలి, జీవాల గ్రాబులోంచి చెంచాతో తీసేస్తే దానితోపాటు పురుగులూ పోతాయి.

గ్రాబు పైకి రాగానే జల్లెడ మీద కుమ్మరించకండి, మూత తెరిచి ఒక్క నిమిషం చూడండి. బాగున్న చోట పైన గోధుమరంగు పొర మందంగా ఉంటుంది, పురుగుల గొట్టాలు పుల్లల్లా నిలబడి ఉంటాయి, బొరియల చుట్టూ లోపలిదాకా అదే రంగు దిగి ఉంటుంది. చెడిన చోట ఆ పొర కాగితమంత, వేలితో గీస్తే కిందంతా కాటుకలా నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన ఆక్సిజన్ లేని మట్టిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పొర ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి కొలిచి, ఫోటో తీసి, వాసన సంగతి కూడా నోట్‌బుక్‌లో రాయండి. నన్నడిగితే సగం కథ ఇక్కడే తెలిసిపోతుంది.

తర్వాత సముద్రపు నీళ్లతోనే 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడగాలి. పైపు పెట్టి జోరుగా కొడితే పురుగులు ముక్కలవుతాయి, టబ్బులో జల్లెడని ముంచి మెల్లగా ఊపండి. ఒకచోట ఒక మిల్లీమీటరు, ఇంకోచోట అర మిల్లీమీటరు జల్లెడ వాడితే పోల్చడం కుదరదు. మిగిలినదాన్ని సీసాలో వేసి, కుళ్లకుండా పది శాతం ఫార్మలిన్ పోయండి, బోరాక్స్ కలపడం మర్చిపోతే చిన్న గుల్లలు కరిగిపోతాయి. కాస్త రోజ్ బెంగాల్ అనే రంగు వేస్తే జీవాలకి గులాబీ రంగు పట్టి తర్వాత ఏరడం తేలికవుతుంది. ఫార్మలిన్ మంచిది కాదు, గ్లవ్స్ ఉండాలి, గాలి తగిలేచోటే పోయాలి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. నా మొదటి ట్రిప్పులో మార్కర్‌తో పైన రాసి, ఫార్మలిన్ ఒలికి పన్నెండు సీసాలకి ఊరూ పేరూ లేకుండా పోయాయి. ఆ రోజు టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద ఏరి, పేరు తేల్చి, లెక్కపెట్టడం అసలు చాకిరీ. ఒక్కో సీసాకి రోజులు పడతాయి. జాతి తేలకపోతే కుటుంబం దగ్గరే ఆగండి, తప్పు పేరు కంటే అదే నయం. జీవాలన్నిటినీ 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి.

ఇక లెక్క. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు పడతారు, జీవాలు ఎక్కువుంటే ఆరోగ్యం అనుకుంటారు. 1978లో పియర్సన్, రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు చూపించిన క్రమం గుర్తుంచుకోండి: మురికి మూలం దగ్గర ఏమీ ఉండదు, కాస్త జరిగితే ఒకటి రెండు చిన్న జాతులు వేలల్లో కిటకిటలాడతాయి, ఇంకా జరిగితే రకాలు పెరుగుతాయి, ఆ తర్వాతే మామూలు స్థితి. ఎర్ర దారం ముక్కలా ఉండే కాపిటెల్లా పురుగు గుట్టలుగా దొరికితే సంబరపడొద్దు, పక్కవాళ్లు తట్టుకోలేక పోతే ఆ ఇల్లు ఆక్రమించుకునే రకం అది. రొయ్య పిల్లల్లాంటి ఆంఫిపాడ్లు, నక్షత్రచేపల్లాంటి సన్నటి చేతుల బ్రిటిల్ స్టార్లు కనిపిస్తే మాత్రం మంచి గుర్తే.

దీన్ని అంకెలో పెట్టడానికి 2000లో బోర్హా అనే శాస్త్రవేత్త బృందం చేసిన ఆంబి (AMBI) సూచిక పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉచితం. జీవాలని సున్నితమైనవాటి నుంచి మొండివాటి దాకా ఐదు గుంపులు చేసి, వరసగా 0, 1.5, 3, 4.5, 6తో వాటి శాతాలని గుణించి, కూడి, వందతో భాగిస్తారు. ఉదాహరణకి మీ వంద జీవాల్లో వరసగా 5, 10, 25, 20, 40 ఉంటే 0, 15, 75, 90, 240 కలిపి 420, అంటే 4.2. 1.2 లోపు బాగున్నట్టు, 3.3 దాకా కొద్దిగా చెదిరినట్టు, 5 దాకా మధ్యస్తం, ఆ పైన తీవ్రం, అసలు ప్రాణే లేని చోటుకి 7 ఇస్తారు. గ్రాబులన్నీ కలిపేయకుండా ఒక్కోదానికి వేరుగా కట్టి సగటు తీయండి. ఇది యూరప్ తీరాల కోసం పుట్టిన సూచిక, మన జాతుల్లో కొన్నిటికి గుంపు తేలదు. అలాంటివి 20 శాతం దాటితే ఫలితాన్ని జాగ్రత్తగా చూడాలి, 50 దాటితే ఆ అంకె వాడకండి.

పక్కనే ఇంకో పరీక్ష పెట్టుకోండి, 1986లో వార్విక్ అనే శాస్త్రవేత్త చెప్పింది. ఒక్కో జాతిలో ఎన్ని జీవాలున్నాయో ఆ సంఖ్యని ఎక్కువ నుంచి తక్కువకి పేర్చి కూడుతూ పోతే ఒక గీత, బరువుని అలాగే చేస్తే ఇంకో గీత వస్తాయి, బాగున్న చోట కొన్ని పెద్ద జీవాల వల్ల బరువు గీత పైనుంటుంది, చెడిన చోట చిన్న పురుగుల గుంపు వల్ల సంఖ్య గీత పైకి వస్తుంది. రెండు పరీక్షలూ, ఆ నల్ల పొరా, మట్టిలో సేంద్రియ పదార్థం లెక్కా ఒకే మాట చెబితే ధైర్యంగా రాయండి. తలోమాట చెబితే చెప్పాయని కూడా రాయండి, నచ్చిన అంకె ఏరుకోవద్దు.

పనైపోయాక సీసాలు పారేయకండి. ఏడాదికోసారి ఆల్కహాల్ తగ్గిందేమో చూసి పోస్తూ ఉండండి, ఐదేళ్ల తర్వాత ఎవరో వచ్చి "అప్పుడు ఇది నిజంగా కాపిటెల్లాయేనా" అని అడిగితే మూత తీసి చూపించాలి కదా.