గోల్‌కీపింగ్ 3వ పాఠం: డైవ్ మోకాళ్ల మీద మొదలు

నిలబడే తీరు, బంతి పట్టే తీరు అయిపోయాయి. ఇక డైవ్, అంటే బంతి కోసం పక్కకు దూకి పడడం. ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు. నడుమ నిలబడితే చెరోవైపు 3.66. అడుగులు వేసి అందుకోలేని ఆ చివరి భాగానికే డైవ్ కావాలి. దాన్ని నిలబడి మొదలుపెట్టిన వాళ్లకు తొలి వారంలోనే మోచెయ్యో తుంటో వాస్తుంది. ఆ తర్వాత దూకాలంటే ఒళ్లు మొరాయిస్తుంది.

నెల్లూరు వాళ్లకు పెన్నా ఇసుక, మైపాడు తీరం ఉన్నాయి; ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం. పొడి ఇసుక పడడానికి మెత్తనే గానీ, కాలితో తన్నితే జారుతుంది. ఈ పాఠంలో మూడు మెట్లు: మోకాళ్ల మీద, గొంతుక్కూర్చుని, నిలబడి. మొదటి రెండు మెట్లు పొడి ఇసుకలో, మూడోది అల తడిపిపోయిన గట్టి ఇసుకలో చేయండి. ఊరి మైదానమే దిక్కయితే ముందు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఏరేయాలి. ఎండాకాలం పర్రెలిచ్చిన నల్లరేగడి మీద మాత్రం వద్దే వద్దు.

మొదటి మెట్టు. మోకాళ్ల మీద ఉండండి. జతగాడు 3 మీటర్ల దూరం నుంచి, మీకు మీటరు పక్కగా బంతి దొర్లించాలి. తొడ పక్క, తుంటి పక్కనున్న కండ, పక్కటెముకలు, భుజం వెనక భాగం: ఈ వరుసలో ఒళ్లు నేలకు ఆనాలి. కింది చెయ్యి బంతి వెనక, పై చెయ్యి బంతి నెత్తిన. నేల మూడో చెయ్యి. కింది మోచెయ్యి ఒంటికి ముందుండాలి. ఒంటి కిందికి పోయిందా, బరువంతా దాని మీదే.

పడ్డాక లేచి, ఇసుకలో మీ అచ్చు చూడండి. బండి చక్రం దొర్లినట్టు పొడుగ్గా, లోతు లేకుండా ఉంటే సరిగ్గా పడ్డట్టే. ఒకచోటే గుంట పడిందంటే తుంటో మోచెయ్యో ముందు తగిలింది. బొర్లాపడ్డ అచ్చయితే, పై చెయ్యి తొందరపడి అడ్డంగా పోయి నడుమును తిప్పేసింది. రొమ్ము ఎప్పుడూ కొట్టేవాడి వైపే ఉండాలి.

రెండో మెట్టు అదే పని, గొంతుక్కూర్చుని.

మూడో మెట్టుకు నిలబడండి. కాళ్ల ముందు ఇసుకలో అడ్డగీత గీయండి. బంతి ఎడమకు వస్తే ఎడమ కాలు పక్కకు, ముందుకు ఐమూలగా ఓ చిన్న అడుగు వేయాలి. ఆ కాలితోనే తన్ని లేవాలి. కుడి మోకాలు పైకి విసరాలి. అచ్చు గీతకు ముందు పడాలి. వెనక పడితే చేతికి తగిలిన బంతి కూడా గోల్లోకే పోతుంది. ఎక్కువమంది చేసే తప్పిదే. చేతులు పొడుగు లేవని బాధపడతారు గానీ, తేడా అడుగులోనే ఉంటుంది.

లెక్క: పక్కకు 6 చొప్పున 3 విడతలు, మధ్య 90 సెకన్ల విశ్రాంతి. చేతకాని పక్క ముందు, ఒంట్లో ఓపికున్నప్పుడే. 6లో 5 అచ్చులు బాగుంటేనే పై మెట్టు. రోజుకు ఒక్క మెట్టే.

వచ్చే పాఠానికి ఖాళీ సిమెంటు సంచి ఒకటి దులిపి, సగం ఇసుక నింపి, మూతి బిగించి ఉంచండి. దాని మీదుగా దూకాలి.