డిజైన్ ఆధారిత పరిశోధన, 4వ పాఠం: మధ్య గడి, మొదటి సైకిల్

పోయిన పాఠం చివర కంజెక్చర్ మ్యాప్, అంటే మన పాఠం డిజైన్ ఎలా పనిచేస్తుందనుకుంటున్నామో గడులు, బాణాలతో చూపే బొమ్మ, గీసి పంపమన్నాను. వచ్చినవన్నీ కూర్చుని చదివాను. మొదటి గడి బాగా రాశారు, చివరి గడి ఇంకా బాగా రాశారు. మధ్య గడి దగ్గర మాత్రం దాదాపు అందరూ తడబడ్డారు. కొందరు ఖాళీగా వదిలేశారు. మిగతావాళ్లు "ఆసక్తి పెరుగుతుంది", "చురుగ్గా పాల్గొంటారు" అని రాసి ముందుకు వెళ్లిపోయారు. ఈసారి మొదటి సైకిల్‌ని, అంటే డిజైన్‌ని క్లాసులో నడిపి, చూసి, మార్చే మొదటి విడతని, ఎలా నడపాలో చెప్పాలి, చెబుతాను కూడా. కానీ ఆ గడి ఖాళీగా పెట్టుకుని క్లాసులోకి వెళితే అక్కడ దేన్ని చూడాలో తెలియదు. తిరిగొచ్చాక దేన్ని మార్చాలో అంతకన్నా తెలియదు. అందుకని ముందు దాని సంగతి తేలుద్దాం.

మ్యాప్ ఆకారం ఒక్కసారి గుర్తు చేస్తాను. విలియం సాండోవల్ 2014లో వివరించిన రూపమే మనం వాడుతున్నాం. పిల్లలు ఫలానా విషయం ఎలా నేర్చుకుంటారన్న మన పెద్ద ఊహ ఒక చివర ఉంటుంది. దాని పక్కన, ఆ ఊహని క్లాసులోకి తెచ్చే డిజైన్: ఇచ్చే సామగ్రి, చేయించే పని, ఎవరు ఎవరితో కలిసి చేస్తారు, ఎలా మాట్లాడుకోవాలి. ఆ తర్వాత మధ్య గడి, అంటే ఆ డిజైన్ వల్ల క్లాసులో జరగాల్సిన ప్రక్రియ. రెండో చివర ఫలితాలు. డిజైన్ నుంచి మధ్య గడికి వెళ్లే బాణం ఒక ఊహ. మధ్య గడి నుంచి ఫలితానికి వెళ్లే బాణం ఇంకో ఊహ. మొదటి బాణం తప్పితే డిజైన్ మార్చాలి. రెండో బాణం తప్పితే, నేర్చుకోవడం గురించి మనం అనుకున్నదాన్నే మార్చుకోవాలి. మధ్య గడి లేకపోతే రెండు బాణాలూ కలిసి ఒకటైపోతాయి. అప్పుడు ఫలితం రాకపోతే తప్పు ఎక్కడుందో చెప్పడం ఎవరివల్లా కాదు.

"ఆసక్తి పెరుగుతుంది" అన్నదాన్ని నేను ఎందుకు ఒప్పుకోనో చెబుతాను. మీలో చాలామంది భిన్నాలు పోల్చడమే ఎంచుకున్నారు కాబట్టి అదే తీసుకుందాం. డిజైన్ ఇది: ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇస్తాం, పిల్లలు వాటిని మడిచి భాగాలు చేస్తారు, తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని ఏ భిన్నం పెద్దదో తేల్చుకుంటారు. ఫలితం ఇది: భిన్నాలను సరిగ్గా పోలుస్తారు. మధ్యలో "ఆసక్తి".

పాఠానికి ముందు 1/3, 1/5లో ఏది పెద్దదని అడిగితే చాలామంది పిల్లలు 1/5 అంటారు. 3 కంటే 5 పెద్దది కదా, అదీ వాళ్ల లెక్క. పాఠం అయ్యాక మళ్లీ 1/3, 1/5 ఇస్తారు, 1/4, 1/9 ఇస్తారు, 1/2, 1/8 ఇస్తారు. అన్నీ సరిగ్గా వస్తాయి. మార్కులు పెరిగాయి, ఆసక్తి కూడా కనబడింది, రిపోర్టు రాసేయొచ్చు. ఇప్పుడు అదే పిల్లలకు 2/3, 7/8 ఇచ్చి చూడండి. "హారం పెద్దదైతే భిన్నం చిన్నది" అని పట్టుకున్న పిల్ల 2/3 పెద్దదంటుంది. ఇంతకుముందు ఆ పిల్లకి సరిగ్గా వచ్చిన లెక్కలన్నీ ఆ సగం సూత్రంతోనే వచ్చాయి. లవం ఒకటే ఉన్న భిన్నాలు ఇచ్చినంతకాలం ఆ సూత్రం ఎక్కడా దొరకదు. అంటే మీ మార్కులు నిజంగానే పెరిగాయి, మీ డిజైన్ మాత్రం ఒక అపోహ తీసేసి ఇంకో అపోహ పెట్టింది. "ఆసక్తి" అన్న మాట ఈ తేడాని పట్టుకోలేదు. ఏ తేడానీ పట్టుకోలేదు.

అదే గడిలో ఇలా రాయండి: "పట్టీ మడిచేటప్పుడు, భాగాలు పెరిగేకొద్దీ ఒక్కో భాగం చిన్నదవుతుందని టీచర్ చెప్పకముందే జంటలో ఒకరు పైకి అంటారు. లవాలు వేరైనప్పుడు ఎన్ని భాగాలు, ఒక్కో భాగం ఎంత, ఈ రెండూ కలిపి వాదిస్తారు." ఇప్పుడు వెనక బెంచీలో కూర్చున్న మనిషికి పని దొరికింది. ఆ మాట విన్నానా లేదా, అన్నది టీచరా పిల్లా, రెండూ కలిపారా ఒకటే చెప్పారా, ఇవన్నీ రాసుకోవచ్చు. నా పరీక్ష ఇదొక్కటే: మధ్య గడిలో రాసింది క్లాసులో కూర్చున్న పరాయి మనిషి కంటితో చూడగలగాలి, చెవితో వినగలగాలి, లేదా పిల్లల కాగితం మీద కనబడాలి. ఈ మూడింటిలో ఏదీ కుదరకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

దగ్గరగా చూద్దాం. 5/6, 7/8 ఇచ్చారనుకోండి. ఒక జంట దగ్గర మీకు ఇలా వినబడవచ్చు: "రెండూ సమానమే. దీనికీ ఒక్క ముక్కే తక్కువ, దానికీ ఒక్క ముక్కే తక్కువ." భిన్నాల దగ్గర చాలా తరచుగా కనబడే ఆలోచన ఇది. పరీక్ష పేపరు మీద ఇది తప్పు జవాబు, ఒక సున్నా, అంతే. మధ్య గడి కళ్లతో చూస్తే మాత్రం ఆ పిల్ల సగం దూరం వచ్చేసింది. మిగిలిన ముక్కని చూడాలని తనకు తోచింది, ఆ ముక్కల సైజు పోల్చడమే మిగిలింది. పక్కనున్న పిల్లాడు రెండు పట్టీలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, కొసలు కలిపి, చివరి ముక్కల మీద వేలు పెట్టి "ఇది దానంత లేదుగా" అన్నాడనుకోండి, మీ పెద్ద ఊహ కళ్లముందు పనిచేసినట్టే. అనకపోతే రెండో సైకిల్‌లో ఏం చేర్చాలో మీకు అక్కడే తెలిసిపోతుంది: "మిగిలిన ముక్కలు రెండూ ఒకే సైజా?" అని టీచర్ అడగాల్సిన ప్రశ్న.

ఈ పట్టింపు నా సొంతం కాదు. 1992లో ఆన్ బ్రౌన్, అలెన్ కాలిన్స్ విడివిడిగా రాసిన వ్యాసాలతోనే విద్యలో ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది. ల్యాబులో పనిచేసి క్లాసుల్లోకి వచ్చిన బ్రౌన్, తన మీద వచ్చే హాథోర్న్ అభ్యంతరాన్ని ఆ వ్యాసంలోనే ఎదుర్కొంది. ఏదో కొత్తది చేస్తున్నారు, ఎవరో వచ్చి చూస్తున్నారు, అందుకే పిల్లలు మెరుగుపడ్డారు అనడమే ఆ అభ్యంతరం. ఆమె సమాధానం నాకు ఇప్పటికీ చాలా ఇష్టం: మెరుగుదల అన్నింట్లో వస్తే అనుమానించండి, మేము ముందే చెప్పిన చోట, చెప్పిన రకంగా వస్తే అది వట్టి ఉత్సాహం వల్ల వచ్చింది కాదు. మధ్య గడి నిండుగా రాసుకున్నవాళ్లే ఆ సమాధానం చెప్పగలరు. "కంట్రోల్ గ్రూపు, అంటే పోల్చి చూడడానికి ఈ డిజైన్ లేని ఇంకో గుంపు, అక్కర్లేదా?" అని అడిగినవాళ్లకి కూడా ప్రస్తుతానికి ఇదే జవాబు. డిజైన్ ఒక స్థిరమైన రూపానికి వచ్చాక పోలిక పెట్టండి. రోజూ మారుతున్న డిజైన్‌ని దేనితో పోల్చినా ఆ అంకెకి అర్థం ఉండదు.

ఇక మొదటి సైకిల్. అనుమతులు, టైంటేబుల్, పాత పరిశోధనలు చదవడం, ఇవన్నీ అయ్యాయనే అనుకుంటున్నాను, వాటి జోలికి వెళ్లను.

సైకిళ్లు రెండు రకాలు. ఒక పాఠం నుంచి మర్నాటి పాఠానికి తిరిగే చిన్నవి, మొత్తం పాఠాల వరుస అయ్యాక తిరిగే పెద్దది. మీలో చాలామంది పెద్దదాన్నే ప్లాన్ చేసి చిన్నవాటిని గాలికి వదిలేశారు. అసలు పని చిన్నవాటిలోనే ఉంది. ప్రతి పాఠానికి ముందు రోజు ఒక పేజీ రాయండి: రేపు పిల్లలు ఈ పని ఇస్తే ఏం చేస్తారు, ఏం అంటారు, ఎక్కడ ఆగుతారు, ఏది జరిగితే నా ఊహ తప్పినట్టు. చివరి ముక్క లేకుండా ఆ పేజీ పూర్తయినట్టు కాదు. మార్టిన్ సైమన్ 1995లో గణిత బోధన గురించి రాస్తూ హైపొథెటికల్ లెర్నింగ్ ట్రాజెక్టరీ అన్నది దాదాపు ఇదే: నేర్పాల్సిన లక్ష్యం, చేయించే పనులు, ఆ పనుల్లో పిల్లల ఆలోచన ఏ దారిన సాగుతుందన్న అంచనా. మూడోది రాయకుండా మొదటి రెండూ రాస్తే అది మామూలు లెసన్ ప్లాన్.

ఈ పేజీని నేను కాగితం మీదే రాస్తాను, తేదీ వేసి, పెన్నుతో. కంప్యూటర్‌లో రాస్తే పాఠం అయ్యాక తెలియకుండానే సవరించేస్తాం, మర్నాటికి మన అంచనా ఎప్పుడూ కరెక్టే అయిపోతుంది.

క్లాసులో వీడియో కన్నా రెండు జంటల పక్కన పెట్టిన ఆడియో రికార్డర్లు నాకు నయం. గది మొత్తం తీసిన వీడియోలో ఎవరు ఏమన్నారో వినబడదు. పట్టీల మీద వేళ్లు ఎటు కదిలాయో మాత్రం పక్కన కూర్చుని రాసుకోవాలి. ఏ జంటల పక్కన పెట్టాలో ముందుగా ఎంచుకోండి, ఒక జంట తడబడే పిల్లలది కావాలి. బాగా మాట్లాడే పిల్లల దగ్గరే రికార్డర్ పెట్టడం ఈ పద్ధతికి పట్టిన పెద్ద జబ్బు. అందంగా ఉన్న సంభాషణల్నే ఏరుకుని చూపించే ప్రమాదం గురించి బ్రౌన్ కూడా ఆ వ్యాసంలోనే హెచ్చరించింది.

పాఠం అయిన రోజే టీచర్‌తో కూర్చోండి. అంచనా పేజీ పక్కన పెట్టుకుని, ఏది జరిగింది, ఏది జరగలేదు, ఎందుకై ఉండొచ్చు అని మాట్లాడండి. ఆయన మీ ప్లాన్ దాటి ఏదైనా చేసి ఉంటే అది తప్పు కింద రాసుకోవద్దు. ఆ క్షణంలో పిల్లల్లో ఆయనకు కనబడినదేదో మీకు కనబడలేదు, అదేమిటో అడగండి. ఈ పనిలో టీచర్ మీ సహపరిశోధకుడు.

మార్పు చిట్టా అని ఒకటి పెట్టమన్నాను కదా. దాంట్లో ప్రతి మార్పుకీ నాలుగు విషయాలు ఉండాలి: ఏం మార్చాం, ఏం చూసి మార్చాం, తప్పింది ఏ బాణం, మార్చాక ఏం జరుగుతుందనుకుంటున్నాం. పట్టీల ఉదాహరణే చూడండి. సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు మడవడం పిల్లలకు సులువు. 3, 5 సమాన భాగాలుగా మడవడం పెద్దవాళ్లకే కష్టం. భాగాలు సమానంగా రావు, జంటలో గొడవంతా "నువ్వు సరిగ్గా మడవలేదు" దగ్గరే ఆగిపోతుంది. మధ్య గడి ప్రక్రియ అసలు మొదలే కాలేదు. ఇక్కడ తప్పింది మొదటి బాణం, మీ సిద్ధాంతానికి ఇంకా పరీక్షే జరగలేదు. వెంటనే తట్టేది, గీతలు గీసిన పట్టీలు ప్రింట్ చేసి ఇచ్చేద్దామని. ఆగండి. భాగాలు పెరిగేకొద్దీ చిన్నవవుతాయన్న మాట పిల్లల నోట వస్తుందనుకున్నది వాళ్ల చేతులతో మడిచినప్పుడు. ఆ పని తీసేస్తే మధ్య గడిలో మొదటి వాక్యం కూడా పోతుంది. కాబట్టి 2, 4, 8 భాగాలు వాళ్లే మడుస్తారు, ఆ మాట అక్కడ రావాలి, 3, 5, 6 మాత్రం గీతలతో ఇస్తాం. చిట్టాలో ఇదంతా రాస్తే అది పరిశోధన. "పట్టీలు ప్రింట్ చేశాం" అని మాత్రమే రాస్తే మరమ్మతు.

ఒక పాఠానికి ఒక్క మార్పు చాలు. క్లాసు కుదేలైపోతుంటే మాత్రం నియమం పక్కన పెట్టి పిల్లలకు అవసరమైనది చేయండి, తర్వాత చిట్టాలో రాసుకోండి.

పాఠాల వరుస పూర్తయ్యాక వెనక్కి తిరిగి మొత్తం డేటా చూడాలి. దాని గురించి వచ్చే పాఠం. ఒక్క మాట ఇప్పుడే చెబుతాను: మీ ఊహకి ఎదురు చెప్పే చోట్లు ముందు వెతకండి, సమర్థించేవి వాటంతటవే దొరుకుతాయి. చివర్లో మిగలాల్సింది యాన్ వాన్ డెన్ అక్కర్ 1999లో చెప్పిన తరహా డిజైన్ సూత్రం: ఇలాంటి పరిస్థితిలో, ఈ ప్రయోజనం కోసం డిజైన్ చేస్తుంటే, దానికి ఈ లక్షణాలు ఉండాలి, ఈ విధంగా చేయాలి, ఈ కారణాల వల్ల. ఆ కారణాలు మీకు మధ్య గడిలోంచే వస్తాయి.

అభ్యాసం. ఒక్క సాయంత్రంలో అయ్యేది కాదు, వారం పెట్టుకోండి. మీ మ్యాప్‌లో మధ్య గడి పై పరీక్షకి నిలిచేలా మళ్లీ రాయండి. దాంట్లోంచి ఒకే ఒక్క పాఠానికి అంచనా పేజీ రాసి, తేదీ వేసి, ఫొటో తీసి దాచండి. ఆ పాఠం జరుగుతుండగా ఒక జంట మాటల్ని 15 నిమిషాలు రికార్డు చేసి, అక్షరం వదలకుండా మీ చేత్తో కాగితం మీదికి ఎక్కించండి. సాఫ్ట్‌వేర్‌తో వద్దు, ఆగిన చోట్లు, తడబాట్లు, "ఆఁ" అన్నవి కూడా రాయాలి. ఆ కాగితం మీద మీ అంచనా నిజమైన చోట ఒక రంగు, తప్పిన చోట ఇంకో రంగు, మీరు అసలు ఊహించని చోట మూడో రంగు గీయండి. తప్పిన ఒక చోటుకి రెండు వేర్వేరు వివరణలు రాయండి, ఒకటి మొదటి బాణం తప్పిందని, ఒకటి రెండో బాణం తప్పిందని. ఏది నిజమో తేల్చడానికి మర్నాడు క్లాసులో ఏం చూడాలో రెండు వాక్యాల్లో చెప్పండి. క్లాసు దొరకనివాళ్లు ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి చేసినా సరే. మూడో రంగు ఎక్కడా లేని కాగితం వస్తే మళ్లీ విని ఎక్కించి, అప్పుడు పంపండి.