గోల్ఫ్‌లో నడుం పట్టేస్తోందా? ముందు తుంటిని చూసుకోండి

చాలామందికి పన్నెండో హోల్ దాటాక మొదలవుతుంది. బంతి తీయడానికి వంగి లేచేసరికి నడుము బిర్రబిగుసుకుని ఉంటుంది. మరో రెండు హోల్స్‌కి స్వింగ్ సగమైపోతుంది. ఇంటికొచ్చాక కారు తలుపు పట్టుకుని దిగాల్సి వస్తుంది. అప్పుడు అందరూ చేసే పని ఒకటే: నడుముని అటూ ఇటూ విసురుగా తిప్పి, చప్పుడొచ్చేదాకా మెలిపెట్టడం. రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, మళ్లీ పట్టేస్తుంది. ఎందుకంటే బిగువు పుట్టేది ఎక్కువగా నడుములో కాదు, దానికి పైనా కిందా.

నడుములో ఉన్నవి అయిదు పూసలు. వాటి వెనక కీళ్లు నిలువు పలకల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ముందుకు వంగడం సులువే గానీ తిరగడానికి వాటికి చోటే లేదు. ఒక్కో పూస దగ్గర ఒకటి రెండు డిగ్రీలు, అన్నీ కలిపినా 5 నుంచి 10. ఫుల్ బ్యాక్‌స్వింగ్‌లో (కొట్టే ముందు క్లబ్‌ని, అంటే గోల్ఫ్ కర్రని, పూర్తిగా వెనక్కి ఎత్తడంలో) భుజాలేమో దాదాపు 90 డిగ్రీలు తిరగాలి. మిగతాదంతా తుంటి కీళ్లూ ఛాతీ వెనకున్న వెన్నూ ఇవ్వాలి. రోజుకి పది గంటలు కుర్చీలో ఉండేవాళ్లకి సరిగ్గా ఈ రెండే బిగుసుకుపోతాయి. ఆ లోటుని నడుము పూడ్చబోయి దెబ్బతింటుంది. స్వింగ్‌లో నడుము అడుగున డిస్కు మీద పడే ఒత్తిడి ఒంటి బరువుకి సుమారు ఎనిమిది రెట్లని ల్యాబ్ కొలతలు చెబుతున్నాయి. కుడిచేతి ఆటగాళ్లకి నొప్పి ఎక్కువగా కుడిపక్కే రావడానికీ కారణముంది. బంతి తగిలే క్షణంలో ఒళ్లు కుడివైపు వాలుతూనే ఎడమకి తిరుగుతుంది, ఆ రెండూ కలిసి కుడిపక్క కీళ్లని నొక్కుతాయి. (ఇక్కడ కుడి ఎడమలు కుడిచేతి ఆటగాళ్లకి. ఎడమచేతివాళ్లు తిరగేసి చదువుకోండి.)

ఇంట్లోనే రెండు పరీక్షలు

కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ల మధ్య మడత పెట్టిన తువ్వాలు నొక్కి పట్టండి. క్లబ్‌ని ఛాతీ మీద అడ్డంగా పెట్టి చేతులు కట్టుకోండి. తువ్వాలు జారకుండా, మోకాళ్లు కదలకుండా పైభాగాన్ని తిప్పండి. రెండువైపులా కనీసం 45 డిగ్రీలు రావాలి. రాకపోతే ఛాతీ వెన్ను బిగుసుకుంది.

రెండోది ఎత్తయిన మంచం మీద. కాళ్లు వేలాడేసి కూర్చుని, మోకాలు కదలకుండా పాదాన్ని మాత్రం బయటికి లేపండి. పాదం బయటికి పోతే తుంటి లోపలికి తిరుగుతుందన్నమాట. 35 డిగ్రీలు దాటితే ఇబ్బంది లేదు. 25 దగ్గరే ఆగిపోతే మీ నడుము ఎందుకు పట్టేస్తోందో దాదాపు తెలిసినట్టే. ముఖ్యంగా ఎడమకాలు చూసుకోండి. ఫాలోత్రూలో (బంతి కొట్టాక స్వింగ్ ముగించేటప్పుడు) ఒళ్లంతా తిరిగేది ఎడమ తుంటి మీదే.

మనవాళ్లు ఇక్కడ పొరబడతారు. చిన్నప్పటినుంచీ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం, తుంటి బాగానే వంగుతుందని అనుకుంటారు. బాసింపట్టు తుంటిని బయటికి తిప్పుతుంది. గోల్ఫ్‌కి కావాల్సింది లోపలి తిప్పు. ఒకటి బాగుంటే రెండోదీ బాగుంటుందనేం లేదు.

పొద్దున్నే ఆడేవాళ్లకి

ఎండకి జడిసి గోల్కొండ కోర్సులోనైనా విశాఖలోనైనా చాలామంది తెల్లవారుతూనే మొదలుపెడతారు. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటిమీద ఒత్తిడి మిగతా రోజుకంటే ఎక్కువ. అందుకే టీ-ఆఫ్‌కి (ఆట మొదలుకి) కనీసం గంటన్నర ముందు లేవండి. వేళ్లతో పాదాలు అందుకునే స్ట్రెచ్ పొద్దున చేయొద్దు. షూ లేసులు కూడా పాదాన్ని మెట్టు మీద పెట్టి కట్టుకోండి. ముప్పావుగంట కారు నడిపి వస్తే, దిగాక రెండు చేతులూ పిరుదుల మీద పెట్టి మెల్లగా అయిదుసార్లు వెనక్కి వాలి, కాసేపు నడవండి.

పది నిమిషాల వార్మప్

మొదటి టీ దగ్గర (తొలి బంతి కొట్టే చోట) రోజూ కనిపించే దృశ్యం ఒకటుంది. క్లబ్‌ని వీపు వెనక మోచేతుల్లో ఇరికించుకుని, పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడి, అటూ ఇటూ విసురుగా తిరగడం. చల్లటి ఒంటితో, తుంటి కదలకుండా చేసే ఈ మెలి మొత్తం నడుము మీదే పడుతుంది. దాన్ని మానేయండి.

మూడు నిమిషాలు చురుగ్గా నడవండి. క్లబ్‌ని చేతికర్రలా పట్టుకుని ఒక్కో కాలిని ముందుకీ వెనక్కీ పదిసార్లు, పక్కలకి పదిసార్లు ఊపండి. తర్వాత ఎడమకాలు ముందుకేసి మోకాలు వంచి, క్లబ్‌ని రెండు చేతులతో ఛాతీ ఎత్తులో పట్టుకుని, ముందున్న కాలివైపు ఛాతీని తిప్పండి. అయిదుసార్లయ్యాక కాళ్లు మార్చండి. సగం గుంజీళ్లు పది. ఆపై వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకి వాడే క్లబ్) సగం స్వింగులు పది, ఏడో ఐరన్‌తో (మధ్య దూరాల క్లబ్) ముప్పావు స్వింగులు పది, ఎడమచేతి ఆటగాడిలా తిరగేసి ఖాళీ స్వింగులు అయిదు. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్) చివర్లో, మూడు నాలుగు చాలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో నవంబరు చలిలో ఆడేవాళ్లు దీనికి ఇంకో అయిదు నిమిషాలు కలపాలి. నడుము మీద ఒక పొర బట్ట ఎక్కువ ఉంచుకోవాలి.

నిలబడే తీరు, స్వింగ్

బంతి ముందు నిలబడ్డాక పిరుదులు వెనక్కి ఎత్తిపెట్టి నడుముని విల్లులా లోపలికి వంచేవాళ్లు చాలామంది. ‘వీపు నిటారుగా ఉంచు’ అన్న మాటని అతిగా పట్టుకోవడం వల్ల వచ్చేదిది. నడుము కండరాలు స్వింగ్ మొదలవకముందే బిగుసుకుపోతాయి, పొట్ట కండరాలు వదులవుతాయి. సరిచూసుకోవడానికి ఒక క్లబ్‌ని వెన్ను పొడవునా ఆనించండి. తల వెనక, భుజాల మధ్య, పిరుదుల పైనున్న ఎముక, ఈ మూడుచోట్లా తగలాలి. నడుము దగ్గర అరచేయి దూరేంత సందు ఉంటే సరి, పిడికిలి దూరితే ఎక్కువ వంచారు. వంగడం తుంటి దగ్గర జరగాలి.

ఇక పాదాలు. మొత్తం మార్పుల్లో తక్కువ కష్టంతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఎడమ పాదాన్ని లక్ష్యం వైపు 25–30 డిగ్రీలు తెరవండి. తుంటి లోపలికి తిరగడానికి అంత చోటు ముందే దొరుకుతుంది. కుడి తుంటి కూడా బిగువైతే కుడి పాదాన్నీ 10–15 డిగ్రీలు తెరవండి.

బ్యాక్‌స్వింగ్‌లో కటిని కదలకుండా బిగబట్టి భుజాలే తిప్పమని చెప్పే పద్ధతి పాతికేళ్ల కుర్రాడికి దూరం ఇస్తుందేమో గానీ, బిగుసుకున్న నడుముకి మాత్రం శిక్షే. కటిని తిరగనివ్వండి, ఎడమ మడమ ఒక అంగుళం లేచినా ఫరవాలేదు. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ మడమ లేపే ఆడాడు. బంతి కొట్టాక నడుము వెనక్కి విరిచి విల్లులా నిలబడొద్దు. బొడ్డు లక్ష్యం వైపు చూస్తూ, భుజాలు ఎడమ తుంటికి సరిగ్గా పైన ఉండేలా నిటారుగా ముగించండి.

డౌన్‌స్వింగ్‌లో కటి బంతివైపు ముందుకు తోసుకొచ్చి ఒళ్లు లేచిపోవడం ఇంకో తప్పు. పిరుదులు వెనకున్న కుర్చీ వీపుకి తగిలేలా నిలబడి, బంతి లేకుండా మెల్లగా స్వింగ్ చేయండి. వెనక్కి తిప్పినప్పుడు కుడి పిరుదు, ముందుకొచ్చేటప్పుడు ఎడమ పిరుదు కుర్చీకి ఆనాలి. రోజుకి ఇరవైసార్లు చాలు.

కోర్సులో, రేంజ్‌లో

కప్పులోంచి (హోల్ గుంటలోంచి) బంతి తీసేటప్పుడు ఒక కాలిమీద బరువు వేసి, రెండో కాలిని వెనక్కి లేపుతూ తుంటి దగ్గర వంగండి, ఖాళీ చేతిని తొడమీద ఆనించండి. పట్టర్ (బంతిని హోల్‌లోకి నెట్టే క్లబ్) మీద వాలితే కప్పు అంచు దెబ్బతింటుంది. ట్రాలీని లాగొద్దు, తోయండి. లాగితే ఒళ్లు ఒకపక్కకి మెలితిరిగే ఉంటుంది. కార్ట్‌లో తిరిగేవాళ్లు ప్రతి మూడో హోల్‌లోనైనా దిగి నడవాలి. కూర్చుని కూర్చుని లేచి డ్రైవర్ ఊపడమే నడుముకి కష్టం. పట్టింగ్ సాధన అయిదు నిమిషాలకోసారి ఆపి వెనక్కి వాలండి.

రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో) అరగంటలో వంద బంతులు బాదడం ఒక రౌండ్ కంటే ప్రమాదం. 18 హోల్స్‌లో కూడా ఫుల్ స్వింగులు అన్ని ఉండవు, మధ్యలో నడకా ఉంటుంది. నడుము సరయ్యేదాకా 40 బంతులు, బంతికీ బంతికీ అరనిమిషం.

ఇంట్లో వారానికి మూడురోజులు

చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడిచేయి, ఎడమకాలు చాచి పది సెకన్లు నిలపండి. తర్వాత మరోవైపు. ముందు ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, ఆపై రెండు. నడుము మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకకూడదు, అంత నిలకడగా చేయాలి. పక్క ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేయి, పాదాల మీద ఒంటిని తిన్నగా లేపి నిలపడం) కూడా ఇదే లెక్క. వెల్లకిలా పడుకుని పిరుదులు బిగించి కటి లేపడం పదేసి రెండుసార్లు. తుంటికి: నేలమీద కూర్చుని చేతులు వెనక ఆనించి, పాదాలు వెడల్పుగా పెట్టి, ఒక్కో మోకాలినీ లోపలివైపు నేలకి వాల్చండి, ఒక్కోటీ పదిసార్లు. ఛాతీకి: పక్కకి ఒత్తిగిలి మోకాళ్లు ముడిచి, పైచేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవండి, ఎనిమిదేసి. తేడా తెలియడానికి ఆరువారాలైనా పడుతుంది.

ఆట మధ్యలో పట్టేస్తే

డ్రైవర్ బ్యాగులో పెట్టేయండి. ముప్పావు స్వింగ్‌తో ఐరన్‌లే ఆడండి, నడక ఆపొద్దు. రెండు హోల్స్‌లో వదలకపోతే రౌండ్ అక్కడితో ఆపేయండి. ఇంటికెళ్లి 15 నిమిషాలు వేడినీళ్ల కాపడం పెట్టండి. మంచానికి అతుక్కుపోకుండా గంటకోసారి లేచి తిరగండి. ముందే నొప్పి మాత్ర వేసుకుని ఆడటం అలవాటు చేసుకోవద్దు, ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తు పోతుంది.

నొప్పి మోకాలు దాటి పిక్కలోకి దిగినా, పాదం తిమ్మిరెక్కినా, రాత్రిళ్లు నిద్రలేపుతున్నా, జ్వరమో బరువు తగ్గడమో తోడైనా ఇంట్లో వ్యాయామాలతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకి చూపించండి. కూర్చునేచోట స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.