సన్నిధి స్పృహ సాధన: కూలి డబ్బుల దగ్గర మొదలుపెట్టండి

చెవిటివాణ్ని తిట్టకూడదు, గుడ్డివాడి ముందు అడ్డం వేయకూడదు, నీ దేవునికి భయపడాలి అంటుంది బైబిల్లోని లేవీయకాండము 19:14. తిట్టు చెవిటివాడికి వినపడదు. అడ్డం పెట్టిందెవరో గుడ్డివాడికి తెలియదు. అడిగేవాడు లేనిచోటే దేవుడు తాను ఉన్నానని గుర్తుచేస్తున్నాడు. దేవుని సన్నిధి అంటే ఆరాధనలో కలిగే ఆనందమే అనుకునేవాళ్లు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి.

దేవుడు పక్కనే ఉన్నాడన్న ఎరుకతో మనుషులతో మసలడమే ఈ సాధన. ముందు ఒక చీటీ మీద ముగ్గురి పేర్లు రాయండి. మీరు అన్యాయం చేసినా తిరిగి అడగలేనివాళ్లు: ఇంట్లో అంట్లు తోమే ఆమె, పొలానికొచ్చే కూలీ, మంచం పట్టిన అత్తగారు. పేరు తెలియకపోతే కనుక్కోండి. మొదటి వారం ఒక్కరితోనే సాధన చేయండి. అందరితో ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు మూడోరోజుకే వదిలేస్తారు.

మొదటి పరీక్ష డబ్బు. కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉండకూడదని 19:13 చెబుతుంది. కాబట్టి రోజుకూలి ఆ సాయంత్రమే ఇచ్చేయాలి, నెలజీతానికి తేదీ ముందే చెప్పాలి. ‘చిల్లర లేదు, రేపు రా’ అన్న మాట రాకుండా చిల్లర ముందురోజే తెచ్చిపెట్టుకోండి.

పాత తప్పులకు లెక్క సంఖ్యాకాండము 5:7లో ఉంది: తప్పు ఒప్పుకోవాలి, అసలుకు ఐదోవంతు కలిపి ఇవ్వాలి. 500 ఎగ్గొట్టి ఉంటే 600. చాలామంది పొరపడేది ఇక్కడే: ఆ సొమ్ము కానుకల సంచిలో వేసి తీరిపోయిందనుకుంటారు. నష్టపోయిన మనిషికే చేరాలి. ఆ మనిషీ, తీసుకునే దగ్గరి బంధువూ లేనప్పుడే అది యెహోవాదై యాజకుడికి చెందుతుందని తర్వాతి వచనం.

రెండోది నోరు. తండ్రిని స్తుతించే నాలుకతోనే ఆయన పోలికలో పుట్టినవాళ్లను శపిస్తామని యాకోబు 3:9 ఎత్తిపొడుస్తుంది. కోపం వచ్చాక సన్నిధి గుర్తుకురాదు, అందుకే ముందే ఒక గుర్తు పెట్టుకోవాలి. గేటు చప్పుడైనా, ఫోన్ మోగినా ఒక్క ఊపిరి సేపు ‘ప్రభువా, నువ్విక్కడే ఉన్నావు’ అనుకుని, అప్పుడు మాట్లాడండి.

‘దేవుడు నిన్ను చూస్తున్నాడు జాగ్రత్త’ అని పనివాళ్లను బెదిరించడం ఈ సాధనను తలకిందులు చేయడమే. ఆదికాండము 16:13లో ‘చూచుచున్న దేవుడు’ అన్నది యజమానురాలు శారయి పెట్టిన బాధకు అరణ్యంలోకి పారిపోయిన దాసి హాగరు. ఆ మాట ఆమెకు ఓదార్పు. బెదురు యజమానికి ఉండాలి: పరలోకంలో మీకూ యజమానుడున్నాడని కొలొస్సయులకు రాసిన పత్రిక 4:1 చెప్పేది వాళ్లకే.

సంఘంలో, అంటే చర్చిలో, అయితే కుర్చీలు చూడండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇవ్వడాన్ని యాకోబు 2:2-4 పక్షపాతం అంటుంది. ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి కోసం ముసలమ్మను లేపి చాప మీద కూర్చోబెట్టడం ఇదే.

రాత్రి పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు చాలు. చీటీలో పేరు చూసి, ఆ రోజు ఆ మనిషితో అన్న మాట, ఇచ్చిన డబ్బు, పెట్టిన అన్నం గుర్తుచేసుకోండి. తప్పుంటే దేవుడికి చెప్పుకుని నిద్రపోతే సరిపోదు. బలిపీఠం ముందే కానుక విడిచి, వెళ్లి సమాధానపడి రమ్మంది మత్తయి 5:24. పొద్దున ఆమె గిన్నెలు ముట్టుకోకముందే వెళ్లి చెప్పండి.