వాగు అవతలి మొక్కను వదిలేయండి: వానాకాలం నమోదుకు వచ్చేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న ఆదివారం అడవి మొక్కలు నమోదు చేసే మన బృందంలో ఇద్దరు ములుగు అడవిలో రాత్రంతా వాగు అవతలే ఉండిపోయారు. పొద్దున తొమ్మిదిన్నరకి దాటినప్పుడు నీళ్లు చీలమండ దాకా కూడా లేవట. అవతలి గట్టున తెల్లగా హెబనేరియా అనే నేల ఆర్కిడ్ పూసి కనబడింది. ఫోటోలు తీసుకుని, పక్కనున్న ఫెర్న్‌లు రాసుకుని, ఒంటిగంటకి తిరిగి వచ్చేసరికి వాగు నడుము లోతున ఎర్రగా పారుతోంది. వాళ్లున్న చోట చినుకు కూడా పడలేదు. అవతలి గూడెంలో పోసిన అంబలి తాగి పడుకున్నారు. తెల్లారాక గూడెంవాళ్లే తాడు కట్టి దాటించారు. ఇప్పుడు అందరూ అదొక సరదా కబురులా చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

బూట్లు, నీళ్ల సీసా, టోపీ గురించి నేను చెప్పను. మీకు తెలుసు. నేను చెప్పేది వాగు గురించే.

పొద్దున దాటిన వాగే కదా అనుకోవడం, ఇదే తప్పు. మన తల మీద ఎండ కాస్తున్నా ఎగువన గుట్టల మీద వాన కురిసి ఉంటుంది. ఆ నీళ్లు గంటకో రెండు గంటలకో మన దగ్గరికి వస్తాయి. పైనెక్కడో చెరువు మత్తడి దూకినా అంతే. గోదావరి దగ్గరి వాగులకు ఇంకో గుణం ఉంది. నది నిండుగా ఉంటే వాగు నీళ్లు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 2022 జులైలో 71 అడుగులు దాటింది. మనం తిరిగేది ఆ నదిలో కలిసే వాగుల పక్కన. 2023 జులైలో ముత్యంధార జలపాతం చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది ఇలాగే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. వాళ్లు కూడా పొద్దున తేలిగ్గా దాటినవాళ్లే.

నా కళ్ల ముందు కొట్టుకుపోయిన కుర్రాడు ఈత బాగా వచ్చినవాడు. తొడల లోతు కూడా లేదు. మధ్యలోకి రాగానే భుజాన ఉన్న చెక్క ప్రెస్సు (కొమ్మల్ని పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టేది) జారింది, దాన్ని పట్టుకోబోయాడు. మర్నాడు దిగువన పొదల్లో ప్రెస్సు దొరికింది, పట్టీలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. విప్పితే తడిసి ముద్దయిన పేపర్ల మధ్య పదకొండు కొమ్మలు. వాటిలో ఏదీ అరుదైనది కాదు.

కాబట్టి జూన్ నుంచి అక్టోబరు దాకా మనం వాగు దాటం. ఇవతలి గట్టు నుంచే జూమ్ చేసి ఫోటో తీయండి, నోట్‌బుక్‌లో 'అవతలి గట్టు' అని రాసి జీపీఎస్ గుర్తు పెట్టండి. హెబనేరియా దుంప మట్టిలోనే ఉంటుంది, వచ్చే ఏడు మళ్లీ పూస్తుంది. వాగు పక్కన పని చేస్తున్నప్పుడు మూడు గమనించండి: తేట నీళ్లు మట్టిరంగుకి తిరగడం, చెత్తా పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, చప్పుడు మారడం. ఏ ఒక్కటి కనబడినా ఆకు కొలత మధ్యలోనే వదిలేసి పైకి ఎక్కేయండి.

ఇక మిగతావి.

నల్లజీడి కొమ్మ విరవొద్దు. రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

దూలగొండి నూగు అంటుకుంటే రుద్దొద్దు, గోకొద్దు. సెల్లోటేపు అతికించి లాగండి, తర్వాత కడుక్కోండి. సంచిలో టేపు అందుకే.

ఏ ఆకూ నోట్లో పెట్టుకోవద్దు. పులుపో చేదో చూసి గుర్తుపట్టే అలవాటు మనలో పెద్దవాళ్లకే ఎక్కువ, నాకూ ఉండేది. కొడిశపాల విరేచనాలకు మందు, కడిశె విషం. పేర్లు చెవికి దగ్గరగా ఉంటాయి. కడిశె ఆకుకి విరుగుడు మందు లేదు. అడవినాభి దుంపని చిలగడదుంప అనుకుని వండుకున్నా ప్రాణం మీదికి వస్తుంది.

ఫోన్ తెర చూస్తూ అడుగు వేయొద్దు, ముఖ్యంగా వెనక్కి.

గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. పాము కరిస్తే కొయ్యొద్దు, కట్టొద్దు, పామును వెతకొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి. ఎక్కడ సిగ్నల్ ఉంటుందో ముందే చూసి పెట్టుకుంటే 108కి ఫోన్ చేయడానికి పరుగులు పెట్టక్కర్లేదు.

ఉరుము వినబడితే బండల మీద నుంచి దిగండి. ఒంటరి తాటిచెట్టు కింద నిలబడొద్దు.

కొండ తేనెపట్టు కింద సెంటు కొట్టుకుని తిరగొద్దు.

అడవి నుంచి వచ్చిన వారం పది రోజుల్లో జ్వరం వస్తే చంకల్లో, గజ్జల్లో నల్లటి పుండు చెక్కు ఉందేమో చూసుకోండి. ఉన్నా లేకున్నా అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పండి. స్క్రబ్ టైఫస్ (పొదల్లోని కంటికి ఆనని పురుగులు కుడితే వచ్చే జ్వరం) అయితే మందు ఉంది, ఆలస్యమైతేనే ముప్పు.

అటవీ శాఖ అనుమతి కాగితం లేకుండా లోపలికి రావొద్దు. ఒక్కరే విడిపోవద్దు. గూడెంవాళ్లు వద్దన్న దారిలో వెళ్లొద్దు, ఎందుకని వాదించొద్దు.

వాగు దాటొద్దు. చీలమండ లోతున్నా దాటొద్దు. అవతల పూసినది మన జాబితాలో లేని జాతి అయినా దాటొద్దు. ఇంకొకరు దాటారని దాటొద్దు. దాటినవాళ్లను పిలవడానికి అసలే దాటొద్దు.

శనివారం రాత్రి ఎనిమిదింటికి ఎగువ మండలాల్లో వాన, భద్రాచలం నీటిమట్టం చూసి మెసేజ్ పెడతాను. మెసేజ్ రాకపోతే ఆదివారం ఇంట్లోనే ఉండండి.