పైథాన్‌లో తెలుగు స్ట్రింగ్‌లు: ఎక్కడ విరుగుతాయి, ఎలా సరిచేయాలి

ఫైల్ తెరిస్తే తెలుగుకి బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయా? చాలా విండోస్ మెషీన్లలో పైథాన్ ఫైల్‌ని పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌తో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతితో) చదువుతుంది. ఓపెన్ ఫంక్షన్ వాడిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. ఎక్సెల్‌లో తెరిచే సీఎస్‌వీ అయితే యూటీఎఫ్-8-సిగ్ పెట్టండి.

సమస్య: పొడవు తప్పు వస్తోంది, పేరు మధ్యలో తెగుతోంది.
‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలు. లెన్ మాత్రం 7 అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, ఇలా కోడ్ పాయింట్లను, అంటే ప్రపంచ లిపుల ప్రమాణమైన యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లను, లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. మొదటి మూడు తీసుకుంటే ‘లక్’ మిగులుతుంది. తిరగేస్తే గుడి ఒంటరిదై చుక్కల సున్నా మీద కూర్చుంటుంది.
విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రీజెక్స్ ప్యాకేజీలో బ్యాక్‌స్లాష్, పెద్ద ఎక్స్ వాడి అక్షరాలుగా విడదీయండి. సంయుక్తాక్షరాన్ని కలిపి ఉంచే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. పాత వెర్షన్లు పొల్లు దగ్గరే తెంచేస్తాయి కాబట్టి ముందు ‘లక్ష్మి’తోనే పరీక్షించండి.

సమస్య: పదాలు ముక్కలవుతున్నాయి.
పైథాన్‌తో వచ్చే ఆర్ఈ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మన గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ అక్షరాలుగా చూడదు. లక్ష్మి కాస్తా లక, ష, మ అని ముక్కలవుతుంది. దాని బదులు యూనికోడ్ తెలుగుకి కేటాయించిన బ్లాక్‌లోని 128 స్థానాలనీ రేంజ్‌గా ఇవ్వండి. అందులో జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని (పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తుని) కూడా చేర్చండి, లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ రెండుగా చీలుతుంది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే: స్క్రీన్ మీద రెండు పదాలూ ఒకటే, పోల్చి చూస్తే ఫాల్స్. ‘హైదరాబాద్‌లో’ నుంచి ‘లో’ తీసేశాననుకోండి. కంటికి ‘హైదరాబాద్’ ఒక్కటే కనిపిస్తుంది, కానీ చివర ఆ నాన్ జాయినర్ మిగిలే ఉంటుంది. అది ఖాళీ జాగా కాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని తీయదు. నేను చాలాసేపు డేటాబేస్‌నే అనుమానించాను. తర్వాత రెండు పదాలకీ ఆస్కీ ఫంక్షన్ పెట్టి ప్రింట్ చేస్తేనే దొంగ దొరికాడు. ‘శైలజ’లోని ఐత్వంతోనూ ఇదే ఇబ్బంది. అది ఒకే కోడ్ పాయింట్‌గా ఉండొచ్చు, ఎత్వమూ ఐత్వపు కింది గుర్తూ అని రెండుగానూ ఉండొచ్చు.
ఐత్వానికి యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ చాలు, రెండుగా ఉన్నదాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా కలుపుతుంది. నాన్ జాయినర్‌ని అది ముట్టుకోదు, రీప్లేస్‌తో మీరే తీసేయాలి. ఆ పని వెతకడానికి వాడే కాపీ మీదే చేయండి. అసలు పాఠంలో తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’లోని వకారం ట కింద వత్తుగా దిగిపోతుంది.