ఇంటి నీళ్ల పని, 5వ పాఠం: మేస్త్రీకి ఫోన్ చేసే ముందు

ఈ వారం ఫ్లష్ ట్యాంకు విప్పాల్సింది. విప్పడం లేదు. పోయిన పాఠంలో కొళాయి మార్చమంటే చాలామంది గోడ తడిపి కూర్చున్నారు. ముందు ఆ సంగతి తేలాలి.

తప్పులో నా వాటా కూడా ఉంది. పాత కొళాయి ఊడదీశాక, కొత్తది బిగించకముందే లైను మూసి తెరిచే గేటువాల్వు కాస్త తిప్పి గోడలోంచి అర బకెట్ నీళ్లు వదలమని రాయలేదు. తెలిసిందేగా అనుకున్నాను. పాతదాన్ని కదిలించేటప్పుడు లోపలి సున్నపు పెచ్చులు, పాత టేపు పీలికలు ఊడతాయి. వాటిని బయటికి వదలకపోతే నేరుగా పోయి కొత్త కొళాయిలోని నీళ్లు ఆపే సెరామిక్ బిళ్లల మధ్య ఇరుక్కుంటాయి. రెండో రోజుకే చుక్కలు మొదలైన కొళాయిల్లో ఎక్కువ భాగం ఇవే. షాపువాడితో తగాదాకు పోకుండా వాల్వు కట్టి, పిడి తీసి, ఆ బిళ్లలున్న లోపలి స్పిండిల్ విప్పి తీసి కడిగి పెట్టండి.

కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇంకొకటి. కొళాయి మూతి దగ్గరి జల్లెడ మూడు నెలలకే తెల్లగా గట్టిపడుతుంది. ధార సన్నబడితే ముందు అది విప్పి చూడండి. గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి జల్లెడ ఒక్కటే రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. బాత్రూం యాసిడ్ పోస్తే పైనున్న మెరుగు పోతుంది. దీనికి మేస్త్రీ ఎందుకు?

ఇక అసలు విషయం. కొళాయి బిగిస్తారు. గట్టిగా కూర్చుంటుంది. చూస్తే మూతి నేలకేసి కాకుండా పక్కకు తిరిగి ఉంటుంది. అందంగా లేదని కొంచెం వెనక్కి తిప్పుతారు. అయిపోయింది. బిగించేటప్పుడు కొళాయి మర (స్క్రూకు ఉన్నట్టుండే మెలికల గాడి) మీద చుట్టిన తెల్ల టెఫ్లాన్ టేపు నలిగి ఆ గాడి సందుల్లోకి దూరి కూర్చుంటుంది. పావు చుట్టు వెనక్కి తిప్పినా ఆ నలిగిన టేపు మళ్లీ లేచి సందు నింపదు. మర వెంబడి సన్నని దారి పడి, నీళ్లు మెలికలు తిరుగుతూ బయటికొస్తాయి. బయటికొస్తే అదృష్టమే. చాలాసార్లు గోడకానుకుని ఉన్న గుండ్రటి బిళ్ల వెనకనుంచి గోడలోకే దిగుతాయి. నెల తర్వాత అవతలి గదిలో పెయింటు బుడగలు లేస్తుంది. మూతి కిందికి రావాలంటే ముందుకే తిప్పాలి. ముందుకు కదలనంత బిగిసిందా, బలం చూపించకండి, గోడలోని సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) మోచేయి, అంటే పైపు మలుపు ముక్క, చిట్లుతుంది. మొత్తం విప్పండి, టేపు అంతా పీకి పారేయండి, మూడు చుట్లు తగ్గించి మళ్లీ చుట్టండి. మూతి సరిగ్గా కిందికొచ్చినా ఇంకా వదులుగానే ఉందంటే, విప్పి నాలుగు చుట్లు పెంచండి. పాత టేపు మీద కొత్త టేపు వద్దు. ఆ సన్న టేపుతో నేను పది, పన్నెండు చుట్లు చుడతాను. మర ఉన్న కొన మీ ముఖం వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. దానికి ఎదురు వైపు చుడితే బిగించేటప్పుడు టేపు లేచిపోయి ఉండకట్టుకుంటుంది.

గేటువాల్వు తిరగడంలేదన్నవాళ్లు రెంచితో దాని మీద పడకండి, లోపల కాడ విరుగుతుంది. మిద్దె మీది ట్యాంకు లోపల, నీళ్లు కిందికి దిగే అవుట్‌లెట్ బెజ్జానికి అంతకు రెండింతలున్న గుడ్డ ఉండ అడ్డం పెట్టండి. దానికి తాడు కట్టి పైకి వదలండి, లేకపోతే పైపులోకి పోతుంది. ఈసారి మేస్త్రీ వచ్చినప్పుడు ఆ గేటువాల్వు తీయించి ఇత్తడి బాల్‌వాల్వు పెట్టించుకోండి.

మేస్త్రీ ఖర్చు తగ్గేది మనం ఫోన్లో చెప్పే మాటను బట్టి. "అన్నా, నీళ్లు కారతా ఉండాయి, ఒకసారి రా" అంటే ఆయన చూడటానికొకసారి, సామాను తేవడానికొకసారి తిరుగుతాడు. పూట పోయిందని పూట కూలి అడుగుతాడు, న్యాయమే. ఇట్లా చెప్పండి: "అన్నా, వాష్‌బేసిన్ కింద. వేస్టు పైపు కాదు, నీళ్లొచ్చే పైపు. యాంగిల్ కాక్ గోడలోకి పోయే కాడ కారతా ఉండాది, అరంగుళం. వాల్వు కడితే ఆగతా ఉండాది. ఫోటో పంపించా." యాంగిల్ కాక్ అంటే గోడ దగ్గర ఆ ఒక్కదానికే నీళ్లు ఆపే చిన్న కొళాయి. కూలి ఎంత, సామాను ఎవరు తేవాలి అన్నవి అప్పుడే తేల్చుకోండి. నేనైతే పాత ముక్క పట్టుకుపోయి సామాను సొంతంగా కొంటాను, చేతిలో బరువు తూచి చూసి ఇత్తడిదే తీసుకుంటాను. చిన్న పనులు మూడు నాలుగు కూడబెట్టి ఒక్కసారే పిలవండి. వేడినీళ్ల లైను అతికిస్తుంటే డబ్బా మీద సీపీవీసీ సొల్యూషన్ అని ఉందో లేదో చూడండి. తెల్ల పైపుకు వాడేది దానికి పనికిరాదు. అతికించాక ఆ రాత్రంతా నీళ్లు వదలకండి. మర ఉన్న జాయింటు బిగించిన పనైతే డబ్బులిచ్చే ముందు వాల్వు తిప్పి, పొడి కాగితం జాయింటు చుట్టూ ఒత్తి చూడండి. అరగంట ఆగి మళ్లీ ఒత్తండి.

కొళాయి విరిగి మర గోడలోనే ఉండిపోతే మాత్రం మేస్త్రీనే పిలవండి. స్క్రూడ్రైవర్‌తో పొడిచారంటే మోచేయి మర పోయి టైలు పగలగొట్టాల్సి వస్తుంది.

అభ్యాసం, రెండు రాత్రుల పని. గోడ తడిగా ఉందని టైల్స్ పగలగొట్టించబోయేవాళ్లు ముందు ఇది చేయండి. మొదటి రాత్రి అందరూ పడుకున్నాక ఫ్లష్ ట్యాంకుల యాంగిల్ కాక్‌లన్నీ కట్టేసి, మిద్దె మీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. పొద్దున ఎవరూ కొళాయి తిప్పకముందే కొలవండి. మూడున్నర అడుగుల వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో సెంటీమీటరు దిగితే దాదాపు 9 లీటర్లు పోయినట్టు. రెండో రాత్రి యాంగిల్ కాక్‌లు తెరిచి పెట్టి మళ్లీ కొలవండి. రెండో రాత్రే దిగితే దొంగ ఫ్లష్ ట్యాంకు. రెండు రాత్రులూ దిగితే నీళ్లొచ్చే లైను. అసలు దిగకపోతే బాత్రూం నహానీ ట్రాప్‌ను (నేల మీది నీళ్లు పోయే జాలీ గుంటను) గుడ్డతో మూసి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు నాలుగు గంటలు నిలబెట్టండి. కింది గది కప్పు చెమర్చితే టైల్స్ సందులు, ట్రాప్ అంచు చూడాలి. ఆ నీళ్లు వదిలాకే చెమర్చిందంటే వేస్టు పైపు. అంకెలు రాసిన కాగితం పారేయకండి, ఫ్లష్ ట్యాంకు పాఠంలో మొదట అడిగేది అదే.